గిట్‌లో ‘ఫైల్ పేరు మరీ పొడుగు’ అని మొరాయిస్తే ఏం చేయాలి?

బరంపురం, పర్లాకిమిడి వైపు పెద్దవాళ్ళు పాడే పెళ్ళిపాటల్ని టైపు చేసి గిట్‌లో (ఫైళ్ళ మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రాములో) దాస్తున్నారనుకోండి. ఊరు, వీధి, పాట మొదటి పాదం, సంవత్సరం అన్నీ ఫైల్ పేరులోకే ఎక్కించేస్తాం. మన విండోస్‌లో అంతా సవ్యంగానే ఉంటుంది. విశాఖలో లినక్స్ వాడే స్నేహితుడు క్లోన్ చేయగానే (దాని నకలు దించుకోగానే) ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అని ఆగిపోతుంది. ఒక్కోసారి విండోస్‌లోనే ఆగుతుంది. మాట దాదాపు ఒకటే గానీ జబ్బులు రెండు. ముందు మీది ఏదో తేల్చుకోండి.

(కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.)

విండోస్‌లో ఆగితే

ఇక్కడ లెక్క పేరుది కాదు, పాత్ (ఫైలు ఏ ఫోల్డర్లలో ఉందో చెప్పే పూర్తి చిరునామా) మొత్తానిది. డ్రైవ్ అక్షరం నుంచి చివర కనబడని ముగింపు గుర్తు దాకా కలిపి హద్దు 260 గుర్తులు. డెస్క్‌టాప్ మీద ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే, అసలు పేరు మొదలయ్యేలోపే అందులో చాలా భాగం అయిపోతుంది. అందుకే నేనైతే ముందు రిపాజిటరీని (గిట్ ఫోల్డర్‌ని) ‘సీ:\పని’ లాంటి పొట్టి చోటికి మారుస్తాను. సగం తలనొప్పి అక్కడే తీరుతుంది.

అప్పటికీ వదలకపోతే గిట్ బాష్ (విండోస్ గిట్‌తో వచ్చే కమాండ్ కిటికీ) తెరిచి ఇది కొట్టండి:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.లాంగ్‌పాత్స్ ట్రూ

క్లోన్ సగంలో ఆగిందని ఫోల్డర్ తీసిపారేయకండి. సరుకంతా దిగే ఉంటుంది, ఫైళ్ళుగా పరచడమే మిగిలింది. ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి ‘గిట్ రీస్టోర్ --సోర్స్=హెడ్ :/’ అంటే చాలు. ‘హెడ్’ మాత్రం క్యాపిటల్ అక్షరాల్లో ఉండాలి.

అయితే ఈ సెట్టింగు గిట్ ఒక్కదానికే. మిగతా ప్రోగ్రాముల కోసం విండోస్ 10 (1607 వెర్షన్) నుంచి రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల గూటిలో) ‘లాంగ్‌పాత్స్‌ఎనేబుల్డ్’ విలువను 1 చేసుకోవచ్చు. అదీ అందుకు సిద్ధం చేసిన ప్రోగ్రాములే పట్టించుకుంటాయి.

లినక్స్‌లో ఆగితే

దీనికి సెట్టింగు లేదు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4లో (డిస్కు మీద ఫైళ్ళను సర్దే పద్ధతిలో) ఒక్కో పేరుకు హద్దు 255 బైట్లు. అక్షరాలు కాదు, బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటైతే, యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) తెలుగుకీ ఒడియాకీ ఒక్కో గుర్తుకు మూడు. పైగా గుణింతం, పొల్లు, సున్నా వేటికవే లెక్క. ‘పర్లాకిమిడి’ కంటికి అయిదక్షరాలే. విడదీస్తే ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, మ, గుడి, డ, గుడి: పదకొండు గుర్తులు, 33 బైట్లు. అంటే పేరు మొత్తం తెలుగులో ఉంటే 85 గుర్తులకే గోడ తగులుతుంది. విండోస్ వాడే అలాంటి పద్ధతి ఎన్‌టీఎఫ్ఎస్‌లో తెలుగు గుర్తు ఒక్కటిగానే లెక్కకొస్తుంది కాబట్టి అక్కడ ఎవరికీ అనుమానం రాదు.

అనుమానమున్న పేరును గిట్ బాష్‌లోనే తూచుకోవచ్చు:

ప్రింట్‌ఎఫ్ '%ఎస్' 'ఫైల్ పేరు' | డబ్ల్యూసీ -సీ

వచ్చిన అంకె 255 దాటితే ఆ ఫైలు తెరుచుకునే విండోస్ మెషీన్ మీదే ‘గిట్ ఎంవీ’తో పేరు తగ్గించి, కమిట్ చేసి (మార్పును నమోదు చేసి) పుష్ చేయండి (పైకి పంపండి). పేర్లలో ఖాళీలుంటే కోట్స్ మరవకండి. తీసేసిన వివరాలను ఫైల్ లోపల మొదటి వరుసలో రాయండి, వాటి చోటు అదే. తర్వాత ‘గిట్ లాగ్ --ఫాలో’ పక్కన కొత్త పేరు కొడితే పాత పేరుతో ఉన్న చరిత్ర కూడా కనబడుతుంది. పాత కమిట్లలో మాత్రం పొడుగు పేరు అలాగే ఉంటుంది. స్నేహితుడు వెనక్కి వెళ్ళి వాటిని చెకౌట్ చేస్తే (ఫైళ్ళుగా తెరిస్తే) మళ్ళీ అదే గొడవ.

పేరు బదులు అంకెలు కనబడితే

‘గిట్ స్టేటస్’ కొడితే పేర్ల చోట \340\260 అంటూ అంకెల వరుస వస్తే ఫైలు పాడైందని కంగారుపడకండి. అవి ఆ బైట్లే. మూడేసి అంకెల గుంపుల్లో 340 వెనక 260 గానీ 261 గానీ ఉంటే తెలుగు, 254 గానీ 255 గానీ ఉంటే ఒడియా. రెండు లిపుల పేర్లూ కలిసున్న ఫోల్డర్‌లో ఇది తెలిస్తే కాస్త సరదాగానే ఉంటుంది. చదువుకునేలా రావాలంటే:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్

మార్పుల పట్టీ చూపే ‘గిట్ డిఫ్ --స్టాట్’లో పేర్ల ముందుభాగం చుక్కలుగా మారిపోతుంటే ‘--స్టాట్=200’ అని వెడల్పు పెంచండి. కిటికీ కూడా అంత వెడల్పు లేకపోతే వరుస విరిగి కిందికి దిగుతుంది.