ఓపెన్ టెన్త్ కట్టాలనుకునే ఆడవాళ్లకి: ముందు రికార్డు షీటు తెచ్చుకోండి

పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. పొదుపు సంఘాల్లో లక్షల రూపాయల అప్పులకు సంతకాలు పెట్టేదీ వాళ్లే. మా సంఘం లీడర్ ఐదో తరగతితో బడి మానేసింది. తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో పక్కవాళ్లను అడిగి సంతకం పెడుతుంది. పోయినేడు ధైర్యం చేసి ఓపెన్ టెన్త్‌కి, అంటే రోజూ బడికి వెళ్లకుండా రాసే పదో తరగతికి వెళ్తే, కాగితాలు కలవట్లేదని తిప్పి పంపారు.

దరఖాస్తు కష్టమేమీ కాదు. ఆంధ్రలో, తెలంగాణలో ఓపెన్ స్కూల్ సొసైటీలు ఏటా నోటిఫికేషన్ ఇస్తాయి. 14 ఏళ్లు నిండాలి, పైన ఎంత వయసైనా ఫర్వాలేదు. దగ్గర్లో ఓపెన్ స్కూల్ సెంటర్ ఉన్న బడిని ఎంచుకుని, ఆన్‌లైన్‌లో ఫారం నింపి ఫీజు కట్టాలి. క్లాసులు సెలవు రోజుల్లోనే, కూలి పోదు.

చిక్కంతా పేరు, పుట్టిన తేదీ దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు అత్తగారిది, తేదీ అంచనాగా వేసిన జనవరి 1. బడి రికార్డులో పుట్టింటి పేరు, వేరే తేదీ. టెన్త్ మెమోలో పడిన వివరాలే రేపు ఇంటర్‌కి, ఉద్యోగానికి అడుగుతారు. అందుకే ముందుగా, మీరు చదివిన బడికి వెళ్లి రికార్డు షీటు, అంటే మీ పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి రాసి బడి ఇచ్చే కాగితం అడగండి. మా లీడర్‌కి చేరిన సంవత్సరం గుర్తు లేదు. అంచులు చెదలు తిన్న అడ్మిషన్ రిజిస్టర్‌లో, హెడ్మాస్టరు గారు వాళ్ల నాన్న పేరు పట్టుకుని వెతికితే అరగంటలో దొరికింది. ఫారంలో పేరు, తేదీ ఆ షీటులో ఉన్నట్టే రాయండి. తండ్రి పేరు అడిగిన చోట భర్త పేరు రాయకండి.

కంగారుపడి ఆధార్ సెంటర్‌కి పరుగెత్తకండి. పుట్టిన తేదీ సాధారణంగా ఒక్కసారే మారుస్తారు. పాసయ్యాక టెన్త్ మెమోనే దానికి రుజువుగా పెట్టుకోవచ్చు.

అసలు బడికే వెళ్లనివాళ్లకు జనన ధ్రువీకరణ పత్రం కావాలి. అప్పట్లో నమోదు చేయించకపోతే ఇప్పుడు చేయించుకోవచ్చు, కానీ రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరగాలి, రోజులు పడతాయి. నోటిఫికేషన్ కోసం ఆగకుండా ఇవాళే మొదలుపెట్టండి.

"పరీక్ష రాయక్కర్లేదు, మెమో మేమే తెప్పిస్తాం" అనేవాళ్లకు పైసా ఇవ్వకండి. ఆ మెమో దొంగదని తేలితే కేసు మీ మీదే పడుతుంది. ఫారంలో నెట్ సెంటర్ వాళ్ల నంబరు కాకుండా మీ ఫోన్ నంబరే వేయించండి. ఫీజు రసీదు చేతికి వచ్చాకే అక్కణ్నుంచి కదలండి.