యువియైటిస్ వాపు తగ్గిందో లేదో కంటి చిత్రాలతో కొలవడం ఎలా

యువియైటిస్‌లో (కంటి లోపలి యువియా పొరకు వచ్చే వాపులో) చికిత్స మొదలుకాక ముందు తీసిన చిత్రాలకు ఉన్న విలువ మరే చిత్రానికీ ఉండదు. స్టెరాయిడ్ మొదలైన వారానికి తొలి ఓసీటీ (కంటి పొరలను కాంతితో అడ్డుకోతగా చూపే స్కాన్) తీస్తే, మందు ఎంత పనిచేసిందో ఆ తర్వాత ఎన్ని స్కాన్లు తీసినా తేలదు. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేని స్థితిలో రోగి ఎక్కువసేపు కూర్చోలేకపోవచ్చు. అప్పుడు కూడా మాక్యులా (రెటీనా మధ్యభాగం) ఓసీటీ, ఫండస్ (కంటి లోపలి వెనుకభాగం) ఫొటో మాత్రం వదలకండి. రెండూ కలిపి పది నిమిషాల పని. చికిత్సను మాత్రం వీటి కోసం ఆపకూడదు.

పరీక్షల వరుస తప్పితే ఒకటి ఇంకొకదాన్ని చెడగొడుతుంది. ముందు చూపు రాసుకోండి. తర్వాత కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేయకముందే, ఒత్తిడి చూడటానికి కన్ను తాకకముందే లేజర్ ఫ్లేర్ మీటర్ (కంటి ముందుగది ద్రవంలోకి కారిన ప్రొటీన్ వల్ల వచ్చే మసకను, అంటే ఫ్లేర్‌ను, కొలిచే యంత్రం) రీడింగు, స్లిట్ ల్యాంప్‌లో (సన్నని కాంతి పట్టీతో కంటిని చూసే మైక్రోస్కోపులో) ఆ ద్రవంలోని వాపు కణాల లెక్క పూర్తి చేయాలి. ఆపై చుక్కలు వేసి ఓసీటీ, ఆటోఫ్లోరెసెన్స్ (రంగు ఎక్కించకుండా రెటీనా సహజ మెరుపును చూపే చిత్రం) తీయాలి. ఫ్లోరెసీన్ రంగు ఇంజెక్షన్ అన్నిటికంటే చివర. రంగు ఒకసారి నరంలోకి వెళ్ళాక కన్నంతా మెరుస్తుంది కాబట్టి ఆ రోజు ఆటోఫ్లోరెసెన్స్ చిత్రం పనికిరాదు.

కణాల లెక్కకు 2005లో వచ్చిన సన్ (SUN, యువియైటిస్ పదాలను, కొలతలను ఏకరూపం చేసిన నిపుణుల బృందం) ప్రమాణాన్నే వాడండి. గది చీకటిగా ఉండాలి, వెలుగు పూర్తిగా పెంచాలి, కాంతి పట్టీ 1 మి.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పు ఉండాలి. అందులో 1 నుంచి 5 కణాలు కనిపిస్తే 0.5+, 6 నుంచి 15 అయితే 1+, 16 నుంచి 25 అయితే 2+, 26 నుంచి 50 అయితే 3+, అంతకు మించితే 4+. రెండు మెట్లు దిగినా, సున్నాకు వచ్చినా మెరుగుపడినట్టు. ఒక్క మెట్టు తేడాను నమ్మి మందు మార్చకండి. ఒకే కన్నును ఇద్దరు డాక్టర్లు చూసినా ఒక మెట్టు తేడా రావడం మామూలే.

ఫ్లేర్ మీటర్ మాత్రం మిల్లీ సెకనుకు ఎన్ని ఫోటాన్లో అంకెలో చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న కంట్లో ఇది సాధారణంగా పదికి లోపే ఉంటుంది. కనీసం ఐదు మంచి రీడింగులు తీసి సగటు కట్టండి. ఐరిస్ మీద గానీ లెన్సు మీద గానీ పడి చెదిరిన కాంతి కలిసిన రీడింగులను తీసేయండి. ఒక చిక్కుంది. ఏళ్ళ తరబడి జబ్బున్న కంట్లో రక్తనాళాల అడ్డుగోడ శాశ్వతంగా దెబ్బతింటుంది. కణాలు ఒక్కటీ లేకపోయినా ఫ్లేర్ అలాగే నిలుస్తుంది. అలాంటి కంట్లో ఫ్లేర్‌ను సున్నాకు తేవాలని స్టెరాయిడ్ పెంచుకుంటూ పోతే కాటరాక్టు, కంటి ఒత్తిడి మిగులుతాయి. ఆ రోగి బాగున్న రోజుల్లో ఉన్న అంకెనే ప్రమాణంగా పెట్టుకోండి.

కార్నియా మసకబారి స్లిట్ ల్యాంప్‌లో ఏమీ కనిపించనప్పుడు ముందుభాగం ఓసీటీ అక్కరకొస్తుంది. కణాలు మెరిసే చుక్కల్లా కనిపిస్తాయి, లెక్కపెట్టవచ్చు. అయితే ఐరిస్ నుంచి రాలిన పిగ్మెంటు, ఎర్ర రక్తకణాలు కూడా అలాంటి చుక్కలే.

ఇక మాక్యులా వాపు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. మధ్యలోని 1 మి.మీ. వృత్తం సగటు మందాన్ని చూస్తాం కదా, రోగి చూపు కొంచెం పక్కకు జరిగినా ఆ వృత్తం ఫోవియా (మాక్యులా నడిమధ్య గుంట) మీద కాక దాని పక్కనున్న మందమైన అంచు మీద పడుతుంది. వాపు పెరగకుండానే అంకె పెరుగుతుంది. మెషీన్ చూపే సంఖ్యను నమ్మే ముందు స్కాన్ గీతలు విప్పి చూడండి. రెటీనా పైఅంచు, అడుగు అంచు మీద మెషీన్ గీసిన గీతలు సరిగ్గా ఉన్నాయా? తిత్తులున్న చోట, విట్రియస్ (కంటి లోపలి జెల్లీ) మసకగా ఉన్న చోట ఆ గీత తరచూ దారి తప్పుతుంది. తప్పితే చేత్తో సరిచేయాలి, లేదా ఆ అంకెను వదిలేయాలి.

ప్రతిసారీ అదే మెషీన్, అదే స్కాన్, ఫాలో-అప్ మోడ్ (పాత స్కాన్ తీసిన చోటే మళ్ళీ తీసే అమరిక). పాత స్ట్రేటస్ ఓసీటీ మెషీన్‌లో రెటీనా అడుగు గీతను ఫోటోరిసెప్టర్ల (కాంతిని పట్టే కణాల) దగ్గర గీసేవారు. స్పెక్ట్రాలిస్ మెషీన్ అంతకంటే కిందికి, రెటీనా అడుగునున్న బ్రూక్ పొర దాకా కొలుస్తుంది. ఒకే కంటికి రెండో మెషీన్‌లో పదుల మైక్రాన్లు ఎక్కువ రావడానికి కారణం ఇదే.

ఎంత తగ్గితే నిజంగా తగ్గినట్టు? యువియైటిస్ మాక్యులా వాపులో 20 శాతం మార్పును హద్దుగా పెట్టుకోవడం మంచిది. 480 మైక్రాన్లు 390కి వచ్చిందనుకోండి. తగ్గింది 90, అంటే 19 శాతం లోపే. దిశ మంచిదే, కానీ ఇంకో స్కాన్ చూశాకే రూఢి చేయాలి. 480 నుంచి 360 అయితే 25 శాతం, సందేహం అక్కర్లేదు. మందం తగ్గినా చూపు పెరగకపోతే ఎలిప్సాయిడ్ పొర (స్కాన్‌లో ఫోటోరిసెప్టర్ల ఆరోగ్యాన్ని చూపే గీత) తెగిందేమో చూడండి. రెటీనా క్షీణించి పలచబడినా అంకె తగ్గుతుంది, దాన్ని మందు గెలుపుగా లెక్కేయకూడదు. మరోవైపు, రెటీనా మీద పొర ఏర్పడి లాగుతుంటే వాపు కణాలన్నీ పోయినా మందం దిగదు. ఆ మందానికి స్టెరాయిడ్ జవాబు కాదు.

రెటీనా రక్తనాళాల వాపును ఓసీటీ చూపలేదు. దానికి ఫ్లోరెసీన్ యాంజియోగ్రఫీయే (రంగు ఎక్కించి రక్తనాళాల చిత్రాలు తీసే పరీక్ష) కావాలి. 10 శాతం ద్రావణం 5 మి.లీ., అంటే 500 మి.గ్రా., నరంలోకి ఇస్తారు. సూది సరిగ్గా నరంలో ఉందో లేదో ముందు సెలైన్‌తో చూసుకోండి, రంగు బయటికి కారితే చెయ్యి విపరీతంగా మండుతుంది. ఎలర్జీ వస్తే వాడే మందులు చేతికందేలా ఉండాలి. తొలి నిమిషంతో ఆపేస్తే సగమే చూసినట్టు. డిస్కు (కంటి నరం మొదలయ్యే చోటు) నుంచి, సన్నని నాళాల నుంచి కారడం 5 నుంచి 10 నిమిషాల చిత్రాల్లోనే బయటపడుతుంది. వీలైతే వైడ్‌ఫీల్డ్ కెమెరా వాడండి. చూపు 6/6 ఉన్న కంట్లోనూ అంచుల్లో ఫెర్న్ ఆకులా కారుతూ ఉండొచ్చు. రెండు విజిట్లను పోల్చేటప్పుడు 10వ నిమిషం పక్కన 10వ నిమిషమే పెట్టండి. చిత్రం వెలుగు పెంచి చూస్తే కారనిదీ కారినట్టే కనిపిస్తుంది.

కోరాయిడ్ (రెటీనా కింద ఉండే రక్తనాళాల పొర) జబ్బుల్లో, ముఖ్యంగా వీకేహెచ్‌లో (వోగ్ట్-కొయనగి-హరడ జబ్బు), ఈడీఐ ఓసీటీతో (లోతైన పొరలను స్పష్టంగా చూపే ఓసీటీ) ఫోవియా కింద కోరాయిడ్ మందం కొలవండి. కోరాయిడ్ మందం రోజులో మారుతూ ఉంటుంది కాబట్టి ఉదయం 10కి తీసినదాన్ని సాయంత్రం 5కి తీసినదానితో పోల్చవద్దు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు కోరాయిడ్ అడుగు అంచు స్కాన్‌లో అందకపోవచ్చు. అందనప్పుడు అంచనాగా అంకె వేయకుండా, అంచు కనిపించలేదని రాయండి. స్టెరాయిడ్ తగ్గించే ప్రతి మెట్టులోనూ ఈ కొలత తీసుకోవాలి. పైకి కన్ను ప్రశాంతంగా ఉన్నా మందం మళ్ళీ పెరుగుతుంటే, తర్వాతి మెట్టు దిగకుండా ఆగి, వీలైతే ఐసీజీ యాంజియోగ్రఫీతో (ఇండోసయనిన్ గ్రీన్ రంగుతో కోరాయిడ్ నాళాలను చూపే పరీక్ష) సరిచూసుకోండి.

ప్రతి చిత్రం పక్కన నాలుగు సంగతులు రాయండి: మెషీన్ పేరు, స్కాన్ రకం, తీసిన సమయం, ఆ రోజు రోగి వాడుతున్న స్టెరాయిడ్ డోసు. 40 మి.గ్రా. మీద ఉన్నప్పటి పొడి (నీరు చేరని) మాక్యులా, 5 మి.గ్రా. మీద ఉన్నప్పటి పొడి మాక్యులా స్కాన్‌లో ఒకేలా ఉంటాయి. వాటిని వేరుచేసి చూపేది ఆ నాలుగో సంగతే.