చిన్న క్యాబినెట్‌కి గ్రాఫిక్స్ కార్డు: ముందు స్కేలు తీయండి

తిరుపతి కొర్లగుంటలో మాది రెండు గదుల ఇల్లు. పెద్ద సీపీయూ పెట్టడానికి చోటు లేదు. అందుకే ఏదో ఆఫీసులో వాడి తీసేసిన సన్నటి కంప్యూటర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. 7వ తరం ఐ5, 16 జీబీ ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి వేసుకుంటే తమ్ముడూ నేనూ సాయంత్రాలు గేమ్స్ ఆడుకోవచ్చని ఆశ.

మొదటి కార్డు వాపసు పోయింది. లో ప్రొఫైల్ (సన్నటి డబ్బాలకి చేసే తక్కువ ఎత్తు కార్డు) అని రాసి ఉంటే నమ్మి తెప్పించాను. కార్డు పొట్టిదే, కానీ దాన్ని డబ్బా వెనక బిగించే ఇనుప పట్టీ, అదే బ్రాకెట్, పెద్ద క్యాబినెట్‌ది, 12 సెంటీమీటర్లు. మా డబ్బాకి కావాల్సింది 8 సెంటీమీటర్లది. అది బాక్సులో లేదు, విడిగా దొరకదన్నారు. డబ్బులు తిరిగొచ్చేదాకా వారం రోజులు టెన్షన్. కాబట్టి పొట్టి బ్రాకెట్ బాక్సులో ఉందా అనేదే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

రెండోసారి కొనేముందు స్టీలు స్కేలు తీసుకుని కూర్చున్నాం. పొడవు కొలిచేటప్పుడు వెనక బ్రాకెట్ తగిలే చోటి నుంచి ముందు హార్డ్ డిస్క్ దాకా చూడాలి. ఒక స్లాట్ (బోర్డు మీద కార్డు గుచ్చే చోటు) మందం 2 సెంటీమీటర్లు, రెండు స్లాట్ల కార్డయితే 4. లో ప్రొఫైల్ కార్డు ఎత్తు దాదాపు 6.9. కార్డుకి పైనుంచి పవర్ ప్లగ్గు పెట్టాల్సి వస్తే వైరు వంగడానికి ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు వదలాలి.

కొలతలు కాగితం మీద సరిపోయినా నాకు ధైర్యం చాల్లేదు. చెప్పుల డబ్బా అట్ట కోసి, మేం అనుకున్న కార్డు సైజులోనే చిన్న పెట్టె అతికించాం. తమ్ముడు దాన్ని స్లాట్ మీద పెట్టి నొక్కాడు. "అక్కా, దిగట్లేదే" అన్నాడు. టార్చ్ వేసి చూస్తే హార్డ్ డిస్క్‌ని కలిపే సాటా వైరు బోర్డు మీద నిలువుగా నిలబడి అట్టని ఆపుతోంది. తల పక్కకి తిరిగి ఉండే సాటా వైరు తెచ్చి మార్చాం, అట్ట దిగింది, మూత టక్కున పడింది. అసలు కార్డుతో ఇలా నొక్కి ఉంటే ఏదో ఒకటి విరిగేది. ఈ అట్ట పని మాత్రం మానకండి.

తర్వాత కరెంటు. స్లాట్ నుంచి కార్డుకి వచ్చేది ఎక్కువలో ఎక్కువ 75 వాట్లు. మా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) 240 వాట్లది, కార్డుకి పెట్టే విడి వైరే లేదు. అలాంటి డబ్బాకి నేను చెప్పేది ఆర్‌టీఎక్స్ 3050, అదీ 6 జీబీది. అది 70 వాట్లే తింటుంది. ఇక్కడ జాగ్రత్త: అదే పేరుతో 8 జీబీ కార్డు కూడా ఉంది. అది 130 వాట్లది, దానికి పవర్ ప్లగ్గు కావాలి. జీటీఎక్స్ 1650లోనూ కొన్ని మోడళ్లకి 6 పిన్ వైరు పెట్టాలి, ఫొటోలో కార్డు అంచు చూసి నిర్ధారించుకోండి.

ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 ఒకే స్లాట్‌లో పట్టే సన్నటి కార్డు, 53 వాట్లే. అయినా మేం వద్దనుకున్నాం. అది నాలుగు లేన్లతోనే (డేటా వెళ్లే దారులు) పనిచేస్తుంది. స్లాట్ పాత తరంది, అంటే పీసీఐఈ 3.0 ఉన్న మాలాంటి బోర్డులో ఆ నాలుగు లేన్ల వేగం సగానికి పడిపోతుంది. పైగా అందులో గేమ్ రికార్డింగ్‌కి సాయపడే వీడియో ఎన్‌కోడర్ లేదు, తమ్ముడికేమో గేమ్ రికార్డ్ చేసుకోవాలని ఉంది.

కొత్తగా మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు బోర్డు) క్యాబినెట్ కడుతున్నవాళ్లకి ఈ ఇబ్బందులు తక్కువ. మంచి ఎస్‌ఎంపీఎస్ ఉంటే 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 చూడండి. అందులో లో ప్రొఫైల్ మోడళ్లూ వచ్చాయి.

మన తిరుపతి ఎండల సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటినప్పుడు చిన్న డబ్బా లోపల గాలి ఆడదు. చిన్న కార్డుల్లో చాలావాటి ఫ్యాన్లు వేడిని డబ్బాలోకే వదులుతాయి. అందుకని మేం సీపీయూని షోకేసులోంచి తీసి, గాలి రంధ్రాలు గోడకి ఆనకుండా స్టూలు మీద పెట్టాం. నెలకోసారి బ్రష్‌తో దుమ్ము దులుపుతాను.

కార్డు మాత్రం చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ షాపుల వీధి రిచ్చీ స్ట్రీట్‌లో కొన్నాం. అట్ట పెట్టె సంచీలో వేసుకునే రైలెక్కాను. షాపులో బాక్సు తెరిపించి, కార్డు పక్కన అట్ట పెట్టి చూసి, రెండు బ్రాకెట్లూ, వాటి మరలూ ఉన్నాయని లెక్కపెట్టుకున్నాకే డబ్బు ఇచ్చాను. మీ మానిటర్ పాతదై వీజీఏ ఒక్కటే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కూడా అక్కడే తీసుకోండి. ఇంటికొచ్చాక మానిటర్ వైరు బోర్డుకి కాకుండా కొత్త కార్డుకే పెట్టండి.