తక్రూర్ చరిత్ర చదవాలంటే ముందు వరద ఎప్పుడొస్తుందో తెలుసుకోండి

పశ్చిమాఫ్రికా మధ్యయుగం అనగానే పుస్తకాలు ఘానా, మాలీ, సొంఘాయ్ అని మూడు రాజ్యాల పేర్లు చెప్పి ఊరుకుంటాయి (ఈ ఘానా ఈనాటి ఘానా దేశం కాదు). ఘానాకు పొరుగునే, సెనెగల్ నది మధ్య లోయలో వెలిసిన తక్రూర్ రాజ్యానికి మహా అయితే ఒక పేరా దక్కుతుంది. నాకు ఆ పేరా చాల్లేదు. నేను బడిలో భూగోళం చెప్పినదాన్ని. రాజుల జాబితా కనబడితే ముందు అక్కడ వాన ఎప్పుడు పడుతుందో వెతుకుతాను. తక్రూర్‌కు ఆ అలవాటే బాగా పనికొచ్చింది. ఆ రాజ్యం తన గురించి తాను రాసుకున్న పుస్తకమేదీ మిగల్లేదు మరి. మిగిలినవి బయటివాళ్ల రాతలు, మట్టిలో దొరికిన వస్తువులు, తరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథలు. ఈ మూడింటినీ నేను ఎలా చదువుతానో చెబుతాను.

ముందు పటం తీసుకోండి. తూర్పున బాకెల్ నుంచి మొదలుపెట్టి మాటం, కయేడి, బోగే మీదుగా పడమరన పోడోర్ దాకా నది వెంట వేలు జరపండి. దారిలో దువే అనే పాయ విడిపోయి మళ్లీ కలుస్తుంది. ఆ పాయకూ అసలు నదికీ నడుమ సన్నగా, పొడుగ్గా ఉన్నది మోర్ఫిల్ దీవి. తక్రూర్ పట్టణం ఈ చుట్టుపక్కలే ఉండేదని చాలామంది ఊహించారు కానీ ఆ స్థలాన్ని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. కాబట్టి చుక్క పెట్టకండి, పెన్సిల్‌తో గుండ్రంగా గీసి వదిలేయండి. ఇంకొకటి: ఈనాటి పటంలో నది సెనెగల్‌కూ మారిటానియాకూ సరిహద్దు. ఆ గీతను మనసులోంచి చెరిపేయాలి. అప్పుడు రెండు గట్లూ ఒకే నేల.

తర్వాత ఒక కాగితం మీద పన్నెండు నెలలూ రాసుకోండి. ఈ పనికి తొందరపడొద్దు, ఎందుకంటే ఆ రాజ్యానికి తిండి పెట్టింది ఈ కాగితమే. గినీలోని ఫూతా జాలన్ ఎత్తుల్లో కురిసిన వానలు నదిగా దిగివస్తాయి. వరద బాకెల్ దగ్గర సెప్టెంబరు ప్రాంతంలో పతాక స్థాయికి చేరితే, నేల వాలు అతి తక్కువ కావడంతో పోడోర్ దగ్గర ఆ స్థాయి రావడానికి అక్టోబరు అవుతుంది. నీరు తీసిన కొద్దీ తడి ఒండ్రులో జొన్న విత్తుతారు. ఆ పల్లపు నేలను పులార్ భాషలో వాలో అంటారు. కోత ఫిబ్రవరి, మార్చి నెలల్లో. వరద ఎక్కని మెరక జేరి. అక్కడ వానల మీద సజ్జ పండుతుంది, అది వర్షాకాలం ముగిసేసరికి ఇంటికి చేరుతుంది. నది ఒడ్డు వాలులో కూరగాయలు వేసే నేల ఫాలో. అంటే సహారా అంచున, మామూలుగా ఒక్క పంటే కష్టమైన చోట, ఏడాదికి రెండు కోతలు. వీటికి తోడు సుబల్బే జాలర్లు, పశువులను జేరికీ వాలోకూ మధ్య తిప్పే ఫుల్బే కాపరులు. అంతమంది అక్కడ ఎందుకు కుదురుకున్నారో, ఉత్తరాది ఒంటె బేరగాళ్లు ఎందుకు వచ్చేవారో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఒక జాగ్రత్త: 1986లో దియామా, 1988లో మనంతాలి ఆనకట్టలు పూర్తయ్యాక వరద తీరు మారింది. అంతకుముందు రాసిన వర్ణనలనే తీసుకోండి.

ఇప్పుడు అరబిక్ రాతలు. భూగోళవేత్త అల్ బక్రీ 1068లో స్పెయిన్‌లోని కార్డోబాలో కూర్చుని రాశాడు. ఆఫ్రికాలో కాలు పెట్టలేదు. వర్తకుల మాటలూ, పదో శతాబ్దపు పాత పుస్తకమూ కలిపి అల్లాడు. అందుకే అతని పేజీలో పక్కపక్కన ఉన్న రెండు వాక్యాలకు వయసు ఒకటే అనుకోకండి. తేదీ ఉన్న వాక్యాలను వేరుగా గీసుకోండి. వాటిలో ముఖ్యమైనది: ఇస్లాం స్వీకరించి తన ప్రజలను ఆ దారి పట్టించిన రాజు వార్ జాబీ హిజ్రీ 432లో, అంటే 1040–41లో, చనిపోయాడు. దీన్ని అల్మొరావిద్‌ల, అంటే సహారాలో పుట్టిన ఇస్లామిక్ సంస్కరణ ఉద్యమం వాళ్ల, కాలపట్టిక పక్కన పెట్టి చూడండి. సన్హాజాలనే ఎడారి బెర్బర్ తెగల్లో ఆ ఉద్యమం అప్పటికింకా కుదురుకోలేదు. అల్మొరావిద్‌లు వచ్చి తక్రూర్‌ను ముస్లిం రాజ్యం చేశారని రాసిన పుస్తకం దొరికితే నేను పక్కన పెట్టేస్తాను. జరిగింది తలకిందులు: 1056లో గుదాలా అనే ఎడారి తెగతో యుద్ధంలో అల్మొరావిద్ నాయకుడు యహ్యా ఇబ్న్ ఉమర్ పక్కన నిలబడింది వార్ జాబీ కొడుకు లబ్బీ. యహ్యా ఆ యుద్ధంలోనే చనిపోయాడు.

తర్వాత మరో భూగోళవేత్త అల్ ఇద్రీసీని తెరవండి. ఇతను సిసిలీలో రోజర్ రాజు కొలువులో 1154లో ముగించాడు. ఇద్దరూ సిల్లా అనే నదీతీర పట్టణం గురించి చెబుతారు. అల్ బక్రీ దగ్గర సిల్లా రాజు దాదాపు ఘానా రాజుకు సరితూగేవాడు. అక్కడి చెలామణీ జొన్న, ఉప్పు, రాగి కడియాలు, సన్నటి నూలు గుడ్డలు. అల్ ఇద్రీసీ దగ్గరికి వచ్చేసరికి సిల్లా తక్రూర్ ఏలుబడిలో ఉంది. సముద్రతీరపు అవ్లీల్ నుంచి ఉప్పు, మగ్రిబ్ (వాయవ్య ఆఫ్రికా) నుంచి ఉన్ని, రాగి, పూసలు వస్తున్నాయి. బదులుగా వెళ్లేవి బంగారం, బానిసలు. ఈ చివరి మాటను సంత వివరాల మధ్య దాటేయకండి. దక్షిణాది జనం మీద దాడి చేసి మనుషులను పట్టుకొచ్చేవారని అల్ ఇద్రీసీ విడమరిచే చెప్పాడు. వాళ్ల వైపు కథ రాసినవాడు లేడు.

ఈ రాతల్లో రెండు గుంటలున్నాయి. ఆ భూగోళవేత్తలకు సెనెగల్, నైజర్ రెండూ ఒకే ‘నల్లవారి నైలు’. దూరాలు ప్రయాణపు రోజుల్లో ఉంటాయి కాబట్టి వాటితో కొలిచి ఊళ్లు పెట్టాలని కూర్చుంటే తల తిరుగుతుంది. రెండోది, కైరోలో తక్రూర్ అన్న పేరు మొత్తం పశ్చిమాఫ్రికా ముస్లింలకు అంటుకుంది. 1324లో హజ్‌కు వెళుతూ కైరోలో ఆగిన మాలీ రాజు మన్సా మూసాను అక్కడివారు తక్రూర్ రాజు అన్నారు. అది తన సామ్రాజ్యంలో ఒక భాగం మాత్రమే కాబట్టి ఆ పిలుపు ఆయనకు నచ్చేది కాదని పద్నాలుగో శతాబ్దపు రచయిత అల్ ఉమరీ రాశాడు. పదమూడో శతాబ్దం తర్వాతి రాతలో తక్రూర్ కనబడితే, మాట్లాడేది లోయ గురించేనా అని తేల్చుకున్నాకే నోటు పుస్తకంలోకి ఎక్కించండి.

నోటు పుస్తకంలో నేను మూడు రంగులు వాడతాను. రాతలు నీలం, మట్టి గోధుమరంగు, కథలు ఆకుపచ్చ. గోధుమరంగులో చేరేవి: మాటం వైపున్న సింతియూ బారాలో 1970లలో గీ తిల్మాన్స్, ఆనీ రవిజే తవ్వకాల్లో బయటపడ్డ రాగి, ఇత్తడి నగలు, 1990లలో సుసాన్, రోడెరిక్ మకింటోష్‌లు, హమాది బోకుమ్ కలిసి లోయలో చేసిన పని, నది వెంట కొలిమి గుట్టలు. ఘానాకు, దాని రాజధానిగా చెప్పే కుంబీ సాలెలో, రాతి గోడలున్నట్టు ఇక్కడ చూపించడానికి రాజనగరం లేదు. మట్టి ఇళ్లు, వరద, మళ్లీ మట్టి.

ఆకుపచ్చలో వంశాల కథలు. ఇనుము పనితో ముడిపడిన దియా ఓగోలు మొదట, ఆపైన మన్నాలు, తొండియోన్‌లు, ఇంకొందరు. ఆ లోయ చరిత్రను చెప్పిన సిరే అబ్బాస్ సో వృత్తాంతాలు 1913లో ఫ్రెంచ్‌లో అచ్చయ్యాయి. కథకు సంవత్సరాలుండవు, వరస ఉంటుంది. వరస రాసుకోండి, పక్కన తేదీలు వేయాలన్న కోరికను ఆపుకోండి. దియా ఓగోలకు ఠక్కున 850 అని రాసే పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఆ అంకెను మాత్రం నేను పెన్సిల్‌తోనే రాస్తాను.

మూడు రంగులూ ఒకే ఏడాది మీద పడే చోటు అరుదు. పడకపోతే మధ్యలో ఖాళీ వదలండి, ఏదో ఒక వంశాన్ని తెచ్చి అతికించకండి. పదహారో శతాబ్దం మొదట్లో కోలీ తెంగెల్లా వచ్చి దెనియాంకె వంశాన్ని నిలిపాక ఆ దేశాన్ని ఫూతా తోరో అంటారు. 1776లో సులేమాన్ బాల్ వెంట తోరోద్బే పండితులు ఆ వంశాన్ని పడగొట్టిన కథ ఇంకా వివరంగా దొరుకుతుంది. దానికి మాత్రం వేరే పుస్తకం పెట్టుకోండి.