సర్ఫాక్టెంట్ అచ్చుతో బంగారు నానోతీగలు: పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ప్రయోగశాలల్లో సీటాబ్ అని పిలిచే సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్ అనే సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) ద్రావణంలో బంగారు విత్తనాలు, అంటే అతి చిన్న బంగారు కణాలు వేసి, వాటిని సన్నని కడ్డీలుగా, తీగలుగా పెంచే పద్ధతిని జానా, గియర్‌హార్ట్, మర్ఫీలు 2001లో ప్రచురించారు. ఇక్కడ సర్ఫాక్టెంట్ పోత పోసే గట్టి మూస కాదు. స్ఫటికపు పక్క ముఖాలను రెండు పొరలుగా కప్పి, లోహం ఎక్కువగా కొనల దగ్గరే చేరేలా చూసే మెత్తని తొడుగు. చలికీ, మలినాలకూ, తొందరపాటుకూ అది ఇట్టే చెదిరిపోతుంది కనుక, ఆమ్లాల విషయంలో ఉండే అప్రమత్తతే దీని విషయంలోనూ ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది చలి. ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే సీటాబ్ నీటిలోంచి స్ఫటికాలుగా విడిపోతుంది. 0.1 మోలార్ ద్రావణం 100 మిల్లీలీటర్లకు 3.64 గ్రాముల పొడి పడుతుంది. దానిని 30 నుంచి 35 డిగ్రీల మధ్య, నురగ లేవకుండా మెల్లగా తిప్పుతూ కరిగించాలి. వాడే ముందు పాత్రను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. అడుగున తెల్లని సూదుల్లాంటివి కనిపిస్తే మళ్లీ వెచ్చబెట్టాలి. పెరుగుదల జరిగే పాత్రను 27 నుంచి 30 డిగ్రీల నీటి తొట్టిలో ఉంచడం మంచిది. కణాలను గిరగిరా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో శీతలీకరణ ఆన్ చేసి ఉందేమో కూడా చూసుకోవాలి. ఈ ఒక్క మీట చాలామంది దృష్టికి రాదు.

సీటాబ్‌లో అత్యల్పంగా కలిసి ఉన్న అయోడైడ్ కూడా కడ్డీల పెరుగుదలను అడ్డుకుని, వాటి బదులు గోళాలను మిగల్చగలదు. అందుకే కొత్త సీసా విప్పగానే లాట్ సంఖ్యను (తయారీ విడత సంఖ్యను) నోట్‌బుక్‌లో రాసుకుని, చిన్న మోతాదులో పరీక్షించిన తర్వాతే పెద్ద మోతాదుకు పూనుకోవాలి. ఈ పొడి తేలికగా గాలిలోకి లేచి శ్వాసనాళాన్ని మండిస్తుంది, కంట్లో పడితే తీవ్రంగా గాయపరుస్తుంది. కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే తూయాలి. కణాల పెరుగుదలకు బంగారాన్ని అందించే బంగారు లవణాన్ని లోహపు గరిటెతో తీయకూడదు, అది గరిటెను తినేస్తుంది.

గాజు పాత్రలను శుభ్రం చేసే ఆక్వా రెజియాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు పాళ్లు, నైట్రిక్ ఆమ్లం ఒక పాలు ఉంటాయి. నైట్రిక్ ఆమ్లాన్నే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి కొద్దికొద్దిగా పోయాలి. దీనిని ఎప్పటికప్పుడు ఫ్యూమ్ హుడ్‌లోనే తయారుచేసుకోవాలి, మూత బిగించి దాచకూడదు. వాయువుల ఒత్తిడికి సీసా పగిలిపోతుంది. పాత్రలో ఎసిటోన్ తడి ఏమాత్రం మిగిలినా ప్రమాదమే.

విత్తనాల కోసం, బంగారు లవణాన్ని లోహంగా మార్చే సోడియం బోరోహైడ్రైడ్‌ను మంచు చల్లని నీటిలో అప్పటికప్పుడే కలిపి, నిమిషాల్లోనే వాడేయాలి. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక మూత వదులుగా ఉంచి, దగ్గరలో మంట లేకుండా చూసుకోవాలి. విత్తన ద్రావణం గోధుమ పసుపు రంగులో ఉండాలి. ఎర్రబడితే కణాలు అప్పటికే పెద్దవైనట్టు, అది పనికిరాదు. సరైన రంగు వచ్చినా వెంటనే వాడకూడదు. మిగిలిన బోరోహైడ్రైడ్ విచ్ఛిన్నం కావడానికి వ్యవధి ఇవ్వకపోతే అది పెరుగుదల ద్రావణంలో (కడ్డీలు పెరిగే సీటాబ్, బంగారు లవణాల ద్రావణంలో) కొత్త కణాలను పుట్టిస్తుంది.

పెరుగుదల ద్రావణానికి ఆస్కార్బిక్ ఆమ్లం చేర్చగానే పసుపు రంగు పోయి తేటగా మారాలి. విత్తనం వేయకముందే గులాబీ ఛాయ కనిపించిందంటే పాత్రలో ఏదో మలినం ఉన్నట్టే; ఆ ద్రావణాన్ని పారబోయడానికి వెనుకాడవద్దు. విత్తనం వేశాక ఒక్కసారి మెల్లగా కలిపి, కదపకుండా వదిలేయాలి. కడిగేటప్పుడు సీటాబ్‌ను మరీ తొలగిస్తే కణాలు ఒకదానికొకటి అంటుకుని గుట్టపడతాయి, మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం.

వ్యర్థాలను సింకులో పోయకూడదు, సీటాబ్ జలచరాలకు విషం. వెండి నైట్రేట్ వాడే పద్ధతుల్లో దాని వ్యర్థాలను, అలాగే బంగారు వ్యర్థాలను అమ్మోనియాతో కలవనివ్వరాదు. పేలే పదార్థాలు ఏర్పడవచ్చు. బోరోహైడ్రైడ్ మిగులును ఆమ్లపు డబ్బాలో వేయకూడదు. ప్రతి డబ్బాపైనా లోపలున్నదేమిటో రాసి, వాయువు వెలువడడం ఆగిన తర్వాతే మూత బిగించాలి.