తుఫాను నెల వస్తోంది, ట్యాంక్ చూసుకోండి

బరంపురంలో దసరా దగ్గరపడిందంటే మా ఇంట్లో రెండు టెన్షన్లు: పిండివంటలకు నూనె, పగడాల ట్యాంక్‌కు (బతికున్న పగడాలు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) కరెంటు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది 11న. అందుకే సెప్టెంబరు ఆఖరుకే నేను అన్నీ సర్దుకుంటాను.

కరెంటు పోగానే చాలామంది లైటు గురించి కంగారుపడతారు. గట్టి పగడాలు రెండు మూడు రోజులు చీకట్లో ఉన్నా తట్టుకుంటాయి. ముందు తగ్గేది నీళ్లలో ఆక్సిజన్. చేపలు ఎక్కువగా ఉంటే కొన్ని గంటల్లోనే కథ ముదురుతుంది. కాబట్టి ఇన్వర్టర్ మీద లైట్లు, చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) పెట్టకండి, నీళ్లను కదిలించే చిన్న పంపు, ఒక్క వేవ్‌మేకర్ చాలు. పదిహేను వాట్లదైతే 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఒక రోజు పైనే తిరుగుతుంది, ఇంట్లో ఫ్యాన్లు ఆపితే. ఆ మాట అమ్మతో అనే ధైర్యం నాకింకా రాలేదు. వేవ్‌మేకర్ మూతి పైకి తిప్పండి, నీటి పైభాగం కదులుతూ ఉండాలి.

బ్యాటరీతో నడిచే ఎయిర్‌పంపు కూడా ఉంచుకోండి, కానీ సెల్సు విడిగా దాచండి. తిత్లీ రాత్రి నా పంపు తెరిస్తే సెల్సు కారిపోయి, స్ప్రింగులు పచ్చగా తుప్పుపట్టి ఉన్నాయి. తెల్లవార్లూ చెంబుతో నీళ్లు ముంచి, జానెడు ఎత్తు నుంచి పోస్తూ కూర్చున్నాను. నా హామర్ కోరల్ అనే పగడం సుత్తి తలల్లాంటి కొసలన్నీ లోపలికి లాక్కుని, గట్టి అంచులు తెల్లగా బయటపడ్డాయి. మూడో రోజుకు గానీ విచ్చుకోలేదు.

ఇప్పుడే రిటర్న్ పంపు (కింది తొట్టి నుంచి నీళ్లు పైకి పంపేది) ప్లగ్గు ఒకసారి పీకి చూడండి, ఆ కింది తొట్టి, అంటే సంప్, పొంగి గదిలోకి రాకూడదు. ముప్ఫై లీటర్ల ఉప్పునీళ్లు 1.025 సాంద్రతకు కలిపి మూత పెట్టండి. ఆవిరైన నీటికి బదులు పోయాల్సింది మాత్రం మంచి ఆర్‌వో నీళ్లే. తుఫాను ముందు రోజు నుంచి మేత బంద్. ఫ్రీజర్‌లో రెండు నీళ్ల సీసాలు గడ్డకట్టించండి, 29 డిగ్రీలు దాటితే ఒకటి తేలేయొచ్చు.

పగడాల దిగుమతి కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టి అటక ఎక్కించండి. మన గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, కాగితం లేనిది కొనడమే వద్దు.

కరెంటు వచ్చిందని క్యానిస్టర్ ఫిల్టర్ (మూత బిగించిన డబ్బాలాంటి ఫిల్టర్) వెంటనే ఆన్ చేయకండి. గంటల తరబడి మూసుకుపోయిన నీళ్లు లోపల కుళ్లి ఉంటాయి. మూత తీస్తే కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుంది. ఆ నీళ్లు బయట పారబోసి, లోపలి మీడియా (నీళ్లు వడగట్టే స్పాంజి లాంటివి) కడిగాకే స్విచ్ వేయండి.