మోర్గాన్ డాలర్ వెండిదేనా? గ్లాసు నీళ్లతో తేల్చుకోండి

అమెరికా పాత వెండి నాణెం మోర్గాన్ డాలర్ (1878–1904, మళ్లీ 1921) బరువు 26.73 గ్రాములు, 90 శాతం వెండి, మిగతాది రాగి. నకిలీవాళ్లు బరువు సరిపెట్టేస్తారు గానీ బరువు, సాంద్రత రెండూ కలపడం కష్టం. 0.01 గ్రాము తేడా చూపే డిజిటల్ త్రాసు మీద డిస్టిల్డ్ వాటర్ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు తగిలితే అంకె అమాంతం పెరుగుతుంది, గాలి బుడగలు అంటుకున్నా ఎక్కువే చూపుతుంది. అసలుదైతే దాదాపు 2.58 గ్రాములు, అంతే బరువున్న ఇత్తడి బిళ్లయితే 3 దాటుతుంది. అరిగిన నాణేలు తేలికవుతాయి కాబట్టి నీళ్లలో ముంచకముందు తూచిన బరువును ఈ అంకెతో భాగించండి, 10.3 దరిదాపుల్లో రావాలి. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దారంటే సన్నగీతలు పడి ధర పోతుంది.

ఇది లోహం వరకే. శాన్‌ఫ్రాన్సిస్కోలో లక్షే ముద్రించిన 1893-ఎస్ (‘ఎస్’ ఆ టంకశాల గుర్తు) కోసమైతే, నకిలీవాళ్లు ఆ ఏటి ఫిలడెల్ఫియా నాణేనికే వెనకవైపు ‘ఎస్’ అతికిస్తారు, వెండి అసలుదే! అక్కడ లెన్స్‌తో తేదీ చూడండి: అసలుదానిలో ‘1’ సరిగ్గా అంచు వెంబడి పళ్లలా ఉండే గీతల్లో ఒకదాని నడిమి మీద ఉంటుంది.